ఎలకల గది

మొన్న మదనపల్లె నుంచి తిరుపతికి వస్తుంటే పీలేరు దాటినాక ఒక కోళ్లఫారం పక్కన బస్సు ఆగింది. వానకు తడిసిన ఊక వాసన గుప్పుమని లోపలికొచ్చింది. పక్కసీటాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నాకేమో ఉన్నట్టుండి టీ తాగాలనిపించింది. కారణం తెలుసు. తిరుపతిలో మా కాలేజీ సైకాలజీ ల్యాబ్ వెనక ఎలకల గది ఉండేది. పొద్దున్నే పంజరాలు కడిగి, పాత ఊక ఎత్తిపోసి, కొత్తది పరవగానే గేటు దగ్గరి అంగడి నుంచి టీ వచ్చేది. ఏళ్ల తరబడి ఆ వాసన వెనకే ఆ టీ. గది పోయి చాలా కాలమైంది. లంకె మాత్రం తెగలేదు.

మనిషి తన ఇష్టప్రకారం నడుస్తాడా, అలవాట్లు నడిపిస్తే నడుస్తాడా అన్న తగువు నేను తనివితీరా విన్నది ఆ గది వరండాలోనే. కాబట్టి ముందు గది సంగతి.

ఊక, నీళ్లు, ఎండ

గోడలకు రెండు వరసల ఇనుప పంజరాలు. కింద రేకు ట్రే, అందులో రెండు వేళ్ల మందాన ఊక. వారానికి రెండుసార్లు మార్చాల్సిందే. ఒకసారి దాటేస్తే మూత్రంలోంచి లేచే అమ్మోనియాకు ఎలకలు తుమ్మడం మొదలుపెడతాయి. ఊపిరి సరిగా ఆడని ఎలక ప్రయోగం పెట్టెలోని మీట దగ్గరికి పోదు, మూలకు పోయి కూర్చుంటుంది. నీళ్ల సీసాలు తలకిందులుగా బిగించి గాజుగొట్టం లోపలికి పెట్టేవాళ్లం. గొట్టం కొన ఊకకు తగిలితే ఊక రాత్రికి రాత్రి నీళ్లన్నీ పీల్చేసేది. పొద్దున చూస్తే సీసా ఖాళీ, ట్రే మడుగు, ఎలక దాహంతో. ఆ ఎలకతో ఆరోజు ఏ లెక్క తీసినా తప్పే.

తిరుపతి ఎండ మరో గొడవ. ఎలకకు మనలాగా చెమట పట్టదు. తోకలోంచి వేడి వదులుతుంది, అదీ చాలకపోతే ఉమ్మి ఒళ్లంతా పూసుకుంటుంది. మెడ కింద బొచ్చు తడిగా కనబడితే గది వేడెక్కినట్టు లెక్క. ఏప్రిల్, మే నెలల్లో కిటికీలకు గోనెపట్టాలు కట్టి గంటకోసారి నీళ్లు చల్లేవాళ్లు. పని మొత్తం పొద్దెక్కక ముందే ముగించాలి. ఎలక రాత్రి తిరిగే జీవి కనక గదికి నల్లకాగితాలు అంటించి ఎర్రబల్బు వెలిగించేవాళ్లు. ఎర్రవెలుగు దానికి సరిగా ఆనదు, మనకు చూపు ఆనుతుంది.

తాళాల గుత్తి

ల్యాబ్ అటెండరు మునిరత్నం అన్న. మొలకు ఇత్తడి తాళాల గుత్తి. ఆయన వరండా మలుపు తిరిగితే చాలు, ఆ గలగలకు ఎలకలన్నీ పంజరం ముందుకొచ్చి వెనక కాళ్ల మీద లేచేవి. "నన్ను జూస్తే వీటికి ప్రాణం లేచొస్తాది సార్" అని మురిసిపోయేవాడు.

మాకు సైకాలజీ చెప్పే ప్రొఫెసర్ గారిని మేం సారు అనేవాళ్లం. సారు ఒకరోజు ఆ గుత్తి అడిగి తీసుకొని ఒక పిల్లాడి చేతికిచ్చి అదే దారిలో నడిపించారు. ఎలకలు అంతే హుషారుగా లేచాయి. తర్వాత అన్నను వట్టి చేతులతో పంపారు. ఒకటీ అరా మీసాలు ఆడించాయి. లేచింది ఒక్కటీ లేదు. అన్న ముఖం మాడిపోయింది. మేం నవ్వాపుకోలేకపోయాం.

ఆ తర్వాత గుత్తి మోగించి మేత పెట్టకుండా వెనక్కి రావడం మొదలైంది. రోజురోజుకూ లేచేవి తగ్గి చివరికి చప్పుడును పట్టించుకోవడం మానేశాయి. దసరా సెలవుల్లో ఆ ఆట ఆగింది. సెలవులు అయిపోయాక మొదటిసారి గుత్తి మోగితే సగానికి పైగా మళ్లీ లేచి నిలబడ్డాయి. పాత పాఠం చెరిగిపోదు, దానిమీద కొత్త పాఠం వచ్చి కూర్చుంటుంది అంతే అని సారు చెప్పింది ఆరోజే. పరీక్షల్లో దాన్ని నాలుగు వాక్యాల్లో రాసేవాళ్లకు అన్న తాళాల గుత్తి గుర్తొచ్చేది.

చప్పుడు వింటే కుక్కలకు నోరూరేట్టు చేసిన రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ అనగానే అందరికీ గంట గుర్తొస్తుంది. నిజానికి ఆయన ల్యాబులో ఎక్కువగా మోగింది టక్ టక్ మని తాళం వేసే మెట్రోనోమ్. 1904లో నోబెల్ వచ్చింది కూడా కండిషనింగ్‌కు (చప్పుడునూ మేతనూ ముడిపెట్టి నేర్పడానికి) కాదు, జీర్ణరసాల మీద చేసిన పనికి. సారుకు ఇష్టమైన కథ వేరేది. 1924లో లెనిన్‌గ్రాడ్‌కు వరదొచ్చి కుక్కల గదుల్లోకి నీళ్లు చేరాయి. వాటిని ఈదించి బయటికి తెచ్చారు. బతికాయి గానీ, కొన్ని కుక్కలు నేర్చుకున్నదంతా పోగొట్టుకున్నాయి. మళ్లీ నిలదొక్కుకున్న ఒక కుక్క, తలుపు కింద నుంచి సన్నగా నీళ్లు పారించేసరికి మళ్లీ కుప్పకూలింది. భయానికి ఒక్క పాఠం చాలు అనేవారు సారు.

పెట్టె

ఎలక మీట నొక్కితే బహుమతి వచ్చే విదేశీ పెట్టె కొనే స్తోమత మాకెక్కడిది? ఊళ్లో ఒక లేత్ పనివాడితో చేయించారు. మూడు పక్కల అల్యూమినియం రేకు, ఒక పక్క అద్దం, కింద సన్నటి కడ్డీలు. నేలకు ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున మీట. 20-25 గ్రాముల ఒత్తిడికే అది దిగాలి. బిగుసుగా ఉంటే ఎలక రెండుసార్లు చూసి వదిలేస్తుంది, మరీ వదులైతే తోక తగిలినా లెక్కలో పడుతుంది. మీట పక్కన చిన్న కంత. అక్కడికి సొలనాయిడ్ (కరెంటుతో కదిలే మర) కొడితే 0.1 మిల్లీలీటర్ల గిన్నె నీళ్లతో పైకి లేస్తుంది. ముందు బొరుగు ముక్కలతో ప్రయత్నించారు గానీ, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, గొట్టంలో ఇరుక్కోవడం. నీళ్లతో ఆ పేచీ లేదు.

నీళ్లే బహుమతి అయితే ఎలకకు ముందు దాహం వేయాలి. 23 గంటలు నీళ్లు ఆపి, పని అయ్యాక మళ్లీ అరగంట ఇచ్చేవాళ్లం. రోజూ ఒకే వేళకు తూకం. మామూలు బరువులో 85 శాతానికి కిందికి పోనివ్వకూడదు. 250 గ్రాముల ఎలక 212కి వచ్చిందంటే ఆరోజు పెట్టె బంద్. బక్కచిక్కిన ఎలక నేర్చుకోదు, ఊరికే తచ్చాడుతుంది.

మొదటి మెట్టు మీట కాదు, చప్పుడు. గిన్నె లేచే "టక్" వినగానే ఏ మూలనున్నా పరుగెత్తుకొచ్చేదాకా ముప్పై నలభై సార్లు ఊరికే నీళ్లివ్వాలి. ఎలక కంత దగ్గరే కాపు కాసినప్పుడు ఇస్తే ఇక అక్కడినుంచి కదలదు. కాస్త దూరం పోనిచ్చి ఇవ్వాలి. ఆ చప్పుడుకు విలువ వచ్చాకే అసలు పని. మీట వైపు తల తిప్పితే టక్. రెండోరోజు తల తిప్పడానికి ఇవ్వరు, ఒక అడుగు వేస్తేనే. ఆపైన ముక్కు తగిలితే. ఆపైన పంజా ఆనిస్తే. చివరికి నొక్కితేనే.

చెప్పడానికి ఇంతే. మీట నొక్కించాల్సిన పిల్లల చేతుల్లో అది వేరే రకంగా జరిగేది. పంజా మీట మీద పడ్డాక ఒక సెకను ఆలస్యంగా స్విచ్ వేస్తారు. ఆ సెకనులో ఎలక వెనక్కి తిరిగి ఉంటుంది. బహుమతి దక్కింది తిరగడానికి. పదిసార్లు అలా అయితే ఎలక గిరగిరా తిరుగుతుంది గానీ మీట వంక చూడదు. పిల్లాడు ఎలక మొద్దుదని తేల్చేస్తాడు. "ఎలక తప్పు చెయ్యదబ్బాయ్, నువ్వు ఏది నేర్పిస్తే అదే నేర్చుకుంది" అనేవారు సారు. ఒకే మెట్టు దగ్గర మరీ ఎక్కువసేపు నీళ్లిస్తే అక్కడే పాతుకుపోవడం, తొందరపడి రెండు మెట్లు ఒకేసారి ఎక్కించబోతే ఉన్నదీ పోవడం, ఎవరో తలుపు ధడాలున తెరిస్తే బిగుసుకుపోయి పావుగంట కదలకపోవడం... ఈ మూడూ ప్రతి బ్యాచిలోనూ ఉండేవే.

లెక్కకు కైమోగ్రాఫ్ డ్రమ్ము, తిరుగుతూ నొక్కులను గీతలుగా రాసుకునేది. నున్నటి కాగితం చుట్టి, కిరసనాయిలు దీపం మసి పట్టించి, సూదితో గీతలు తీయించి, ఆ కాగితాన్ని లక్క కలిపిన స్పిరిట్‌లో ముంచి ఆరేసేవాళ్లు. ముంచే ముందు వేలు తగిలితే పొద్దుటి పనంతా చెరిగిపోయేది. సోమవారాలు పిల్లల చొక్కాల మీద మసి చూసి సైకాలజీ వాళ్లని పోల్చుకునేవాళ్లు.

ఎప్పుడిస్తారో తెలియనప్పుడు

ఈ మీట పెట్టెను తయారుచేసిన అమెరికా సైకాలజిస్టు స్కిన్నర్ కనిపెట్టిన వాటిలో గొప్పవి రెండు అనుకోకుండా జరిగినవి. మేత పడే మర ఒకరోజు ఇరుక్కుపోయింది. ఆయన అక్కడ లేరు. వచ్చి చూస్తే, ఎలక నొక్కుతూ నొక్కుతూ ఎలా మానుకుందో కాగితం మీద చక్కటి వంపుగీత. ఇంకోసారి శనివారం మధ్యాహ్నం. గుళికలు చేతి యంత్రంతో తనే చేసుకునేవారు. ఉన్నవి సోమవారం పొద్దుటికల్లా అయిపోయేట్టున్నాయి. సాయంత్రమంతా గుళికలు చుట్టడం ఇష్టంలేక, ప్రతి నొక్కుడుకూ ఇవ్వకుండా నిమిషానికోసారి ఇద్దామనుకున్నారు. ఎలక మానలేదు సరికదా, ఒక నిలకడగా నొక్కుతూనే ఉంది. అక్కడినుంచి మొదలైన పని 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి వేసిన పెద్ద పుస్తకం దాకా సాగింది.

మా డ్రమ్ము మీదా అవే గీతలు. నిమిషానికోసారి ఇస్తే, ఇచ్చిన వెంటనే తీరిగ్గా ఉండి నిమిషం దగ్గరపడే కొద్దీ హడావుడి. ఇరవై నొక్కులకు ఒకసారి అంటే, ఇచ్చాక కాసేపు విరామం, తర్వాత ఇరవై గబగబా. ఒకటి నుంచి ఇరవైకి ఒక్కసారి గెంతించకూడదు. మూడు, అయిదు, పది అని పెంచుకుంటూ పోవాలి. లేకపోతే మధ్యలో మానేస్తుంది. ఎన్నో నొక్కుకు వస్తుందో తెలియకుండా పెడితే విరామమే లేదు. పేకాట బల్ల దగ్గర్నుంచి తెల్లారినా లేవనివాడికి ఆ గీత చూపించాలని సారు కోరిక.

ఆ గీతకు తిరుపతిలో వేరే పుస్తకం అక్కర్లేదు. అలిపిరి మెట్లెక్కుతుంటే కోతులు కనబడతాయి కదా. అందరూ పెట్టరు. పదిమందిలోనో యాభైమందిలోనో ఒకరు అరటిపండు విసురుతారు, ఒక పసివాడు చేతిలో ప్యాకెట్ పట్టుకుని నడుస్తాడు. మానకుండా నొక్కించే లెక్క సరిగ్గా అదే. రోజూ ప్రతివాళ్లూ పెట్టి, ఒకరోజు అందరూ ఆపేస్తే కోతి త్వరగా మానుకుంటుంది. అప్పుడప్పుడూ పెట్టేదాన్ని ఆపితే నెలలు పడుతుంది. అసలు చిక్కు ఇంకోటి. ఆపిన కొత్తలో కోతి మరింత రెచ్చిపోతుంది, సంచీ లాగుతుంది, పళ్లు చూపిస్తుంది. భయపడి ఒకరు పండు పారేస్తారు. ఇక అది నేర్చుకున్నది అడుక్కోవడం కాదు, మీద పడడం. పెట్టకూడదనుకుంటే మొదటి గోల సద్దుమణిగేవరకూ ఎవరూ పెట్టకూడదు. అన్ని వేలమంది నడిచే దారిలో అది అయ్యే పనా?

పలమనేరు, కుప్పం వైపు పొలాల మీదికొచ్చే ఏనుగులది మరో తీరు. టపాకాయ మొదటిసారి పేలితే పరుగు. పేలి ఏమీ కాకపోతే, నాలుగు రాత్రులకు చెవులు కదిలించి మేత కానిస్తాయి. చప్పుడు వెనక ఏదీ లేదని వాటికి తెలిసిపోతుంది.

వరండాలో తగువు

టీ వేళకు శాస్త్రిగారు వచ్చేవారు. మా కాలేజీలోనే సంస్కృతం చెప్పేవారు. ఎలకల గదిలోకి ఒక్కసారీ అడుగు పెట్టలేదు గానీ వరండా కుర్చీ మాత్రం ఆయనదే.

సారు స్కిన్నర్ పక్షం. 1971లో వచ్చిన ఆయన పుస్తకంలోని మాటే తిప్పి తిప్పి చెప్పేవారు: మనిషి దండన నుంచి తప్పించుకుంటే స్వేచ్ఛ అంటాడు, బహుమతి నడిపిస్తే మాత్రం తన ఇష్టమంటాడు. రెంటిలోనూ మీట ఒకటే. శాస్త్రిగారు భగవద్గీత తీసేవారు. "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు అన్నాడు ప్రొఫెసర్ గారూ, పద్దెనిమిదో అధ్యాయంలో. అంతా చెప్పి, ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యమన్నాడు. ఇష్టమే లేనివాడికి ఆ మాట ఎందుకు?" సారు తడుముకోలేదు. "మూడో అధ్యాయంలో ప్రకృతిం యాంతి భూతాని నిగ్రహః కిం కరిష్యతి అన్నదీ ఆయనే కదా శాస్త్రిగారూ. ప్రాణులు తమ స్వభావం వెంటే పోతాయి, నిగ్రహం ఏం చేస్తుంది అని." శాస్త్రిగారు గట్టిగా నవ్వి ఇంకో టీ చెప్పేవారు.

నాకు ఆ ఇద్దరిలో ఎవరిదీ పూర్తిగా రుచించలేదు. పెట్టె చెప్పేది నిజమే గానీ అన్ని నిజాలూ పెట్టెలో పట్టవు. స్కిన్నర్ శిష్యులే బ్రెలాండ్ దంపతులు, 1961లో రాశారు. నాణెం డబ్బాలో వేయడం నేర్పిన రకూన్ (అమెరికాలో ఉండే ఒక జంతువు), రెండు నాణేలు ఇస్తే వేయకుండా ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చుంది. బహుమతి పోతున్నా మానలేదు. పుట్టుబుద్ధి నేర్పిన బుద్ధిని తోసేసింది. 1966లో గార్సియా, కోలింగ్ చూపింది ఇంకా బాగుంటుంది. కడుపులో తిప్పితే ఎలక రుచిని తప్పుపడుతుంది, వెలుగునూ చప్పుడునూ కాదు. షాక్ తగిలితే వెలుగునూ చప్పుడునూ తప్పుపడుతుంది, రుచిని కాదు. ఏది దేనితో ముడిపడాలో కొంత ముందే రాసి ఉంది.

మనుషుల దగ్గరికొస్తే గీతే మారిపోతుంది. నిమిషానికోసారి ఇచ్చే లెక్కలో పిల్లల చేత బటన్ నొక్కిస్తే ఎలక వంపు రాదు. ఒకడు లోపల అంకెలు లెక్కపెట్టుకుని సరిగ్గా సమయానికి ఒక్కసారి నొక్కుతాడు. ఇంకొకడు ఎక్కువ నొక్కితే ఎక్కువ వస్తుందని తనకు తాను చెప్పుకుని ఆపకుండా నొక్కుతాడు. మాటలు రాని పసిపిల్లల దగ్గర మాత్రం అచ్చం జంతువుల గీతే వస్తుందని 1983లో లోవ్, బీస్టీ, బెంటాల్ చూపించారు. అంటే తేడా వచ్చింది మాటతో. అలాగని మాట వస్తే విడుదలేనా? గట్టిగా నొక్కమని ముందే చెబితే, లెక్క మారిపోయి నష్టపోతున్నా మనిషి చెప్పినట్టే నొక్కుతూ పోతాడు. ఎలకైతే ఆ పాటికి మారిపోయేది. ఎలక పెట్టెకు లొంగుతుంది, మనిషి పెట్టె గురించి విన్న మాటకూ లొంగుతాడు. నా లెక్కలో స్వేచ్ఛ గురించి తగువులాడాల్సింది ఇక్కడ.

మెదడు శాస్త్రవేత్త లిబెట్ ప్రయోగం (అదీ 1983లోదే) వచ్చాక సారు మరీ హుషారయ్యారు. మణికట్టు కదిలించాలని మనసుకు తోచేది కదలికకు 0.2 సెకన్ల ముందు, మెదడులో అలజడి మొదలయ్యేది సుమారు అర సెకను ముందు. ఇంకేం, నిర్ణయం మనది కాదన్నారు. 2012లో షర్గర్ బృందం, ఆ అలజడి నిర్ణయం కాకపోవచ్చు, ఎగుడుదిగుడుగా సాగే మెదడు రొదను కదలిక వేళకు సరిపెట్టి సగటు తీస్తే అలాగే కనబడుతుందని చూపించేనాటికి వరండాలో కుర్చీలు లేవు.

బీడీ

తగువు ఎప్పుడు ముదిరినా వాళ్లిద్దరికీ సాక్ష్యం మునిరత్నం అన్నే. ఆయన బీడీ మానాలనుకున్నాడు. పంజరాలు కడిగాక టీతో ఒకటి, సాయంత్రం గేటు దగ్గర ఒకటి, మధ్యలో లెక్కలేదు. పొద్దున మానేస్తానని ఒట్టు, టీ గ్లాసు చేతికి రాగానే బీడీ. ఒకరోజు జీతం అందుకున్న వెంటనే గేటు దగ్గరి అంగడికి పోయి, "నేను అడిగినా ఇయ్యాకు, అప్పు అసలే ఇయ్యాకు" అని చెప్పొచ్చినాడు. టీ కూడా అక్కడ మానేసి లైబ్రరీ వైపు అంగడికి మార్చినాడు.

సారు ఎగిరి గంతేసినంత పనిచేశారు. 1972లో రాచ్‌లిన్, గ్రీన్ పావురాలతో చేసింది సరిగ్గా ఇదేనట. ఇప్పుడే రెండు సెకన్ల గింజలు కావాలా, నాలుగు సెకన్లు ఆగి నాలుగు సెకన్ల గింజలు కావాలా అంటే పావురం వెంటనే వచ్చే కొంచెమే ఎంచుకుంటుంది. కానీ ఆ ఎంపిక ఎదురుపడకముందే, తర్వాత పెద్దది తప్ప ఇంకేదీ దొరకని దారి మీటను ముందు పెడితే, వ్యవధి తగినంత ఉన్నప్పుడు పావురం ఆ దారే పడుతుంది. తన చేతులు తనే కట్టేసుకుంటుంది. "చూశారా శాస్త్రిగారూ, నిగ్రహం కాదు, ఏర్పాటు." శాస్త్రిగారు ఊరుకుంటారా? "ఆ ఏర్పాటు చేయాలని ఎవరు తలచారు? అంగడివాడా?" "పావురం కూడా తలచిందా మరి?" "పావురాన్నే అడగండి."

నెలలు గడిచాయి. దగ్గు తగ్గింది. ఎండాకాలంలో గంగమ్మ జాతరకు అన్న సొంతూరు పోయినాడు. అదే రచ్చబండ, అదే బావమరుదులు, సాయంత్రమయ్యేసరికి చేతిలో బీడీ. తిరిగొచ్చి, తల వంచుకుని ఊక పరుస్తూ చెప్పినాడు. పెట్టె మారిస్తే మానిన ఎలక మళ్లీ నొక్కుతుంది, మానడం అన్నది మానిన చోటికే అంటుకుని ఉంటుంది అని సారు ఊరడించబోయారు. బోర్డు మీద బొమ్మ కూడా వేశారు. "ప్రకృతిం యాంతి" అని శాస్త్రిగారే అందుకోవడం మాత్రం ఎవరూ అనుకోలేదు. సారు ఆ పూటకు పక్షం మార్చి, మనిషి తలచుకుంటే మళ్లీ మానగలడని వాదించారు.

అన్న ఇద్దరి మాటా పూర్తిగా వినలేదు. వచ్చే ఆదివారం ఊరికి బస్సెక్కి, రచ్చబండ పక్క అంగడివాడికి కూడా ఇయ్యొద్దని చెప్పొచ్చినాడు. బావమరుదులకు మాత్రం ఏం చెప్పినాడో మాకు చెప్పలేదు.